ఇరాన్ భాషల చార్టూ, 'చూశాను' అనే సంతకమూ

ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానంటే మా అవ్వ ఇప్పటికీ ఒప్పుకోదు. గవర్నమెంటు వాళ్ళే అరవై దాకా కుర్చీ వదలరు, నీకేం రోగమొచ్చింది అంటుంది. రోగం నిజంగానే వచ్చింది, కుడిచేతి మణికట్టుకు. పదమూడేళ్లు కీబోర్డు కొట్టిన చెయ్యి ఇప్పుడు చపాతీ పిండి కలపమన్నా మొరాయిస్తుంది. డాక్టరు ఇక చాలన్నాడు. నేనూ చాలన్నాను.

నా కుర్చీలోకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒకమ్మాయిది అమరాపురం, ఇంకో అమ్మాయిది కొత్తచెరువు. నాకంటే రెండింతలు వేగంగా కొడతారు. పనంటే ఏమేం చెయ్యాలక్కా అని అడిగారు. వేగం సంగతి నేను చెప్పనక్కర లేదు. డి.టి.పి. పనిలో, అంటే కంప్యూటర్లో అక్షరాలు కొట్టి అచ్చుకు పంపే పనిలో, వేగం తప్ప మిగతాది ఏముందో అది రాస్తున్నాను. పదో తరగతి చదివినదాన్ని, పెద్ద మాటలు రావు. కానీ పదమూడేళ్లలో పెళ్ళికార్డు నుంచి ఇరాన్ భాషల పుస్తకం దాకా కొట్టాను కాబట్టి, కొంచెం గొప్పలు చెప్పుకుంటాను. ఓర్చుకోండి.

మా సెంటరూ, మా ఓనరూ

హిందూపురంలో బస్టాండు నుంచి మెయిన్ బజారుకు పోయే దారిలో, మేడ మీద రెండు గదులు మా సెంటరు. నేను చేరినప్పుడు, అంటే తొంభైల నడుమ, రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, ఒక యు.పి.ఎస్. ఉండేవి. ఆ యు.పి.ఎస్.కు కరెంటు పోతే మాకంటే ముందు ఏడుపు వచ్చేది. మా ఊరు పెనుకొండ పక్క పల్లె. నాయనకు గొర్రెలు. నేను పొద్దున పెనుకొండలో ప్యాసింజరు రైలెక్కి హిందూపురంలో దిగేదాన్ని, సాయంత్రం అదే దారిన వెనక్కి.

ఓనరు రామాంజినప్ప. ఆయనకు కంప్యూటరు ఆన్ చెయ్యడం రాదు, ఆఫ్ చెయ్యడం అసలే రాదు. స్విచ్చు పీకేస్తాడు. కానీ కాగితం చూసి తప్పు పట్టడంలో ఆయన్ని మించినవాళ్ళను నేను చూడలేదు. ఇంతకుముందు అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చినవాడు. తలకిందులుగా ఉన్న అక్షరాన్ని కూడా గడగడా చదువుతాడు.

ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ప్రూఫు కాగితం ఇస్తే, పని ఇచ్చిన మనిషి అంతా చదివి, కింద మూలన 'చూశాను' అని సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి. కరపత్రమైనా సరే, పుస్తకమైనా సరే, ప్రతి పేజీకీ. ఆ ఒక్క మాట లేకపోతే బటర్ పేపరు తియ్యడానికి లేదు. బటర్ పేపరంటే ప్లేటు చేసేందుకు పంపే పల్చటి కాగితం. అది తీశామంటే ఇక అచ్చే. సంతకం రానివాళ్ళుంటే, పక్కనున్నవాళ్ళతో చదివించి వేలిముద్ర పెట్టించేవాడు. నేను చేరిన కొత్తలో ఇదంతా ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆయన ముందర అనలేదు లెండి, అనుకున్నాను.

మడకశిర పెళ్ళికార్డు

మన వైపు పెళ్ళికార్డు తల మీద ఇంటిదేవుడి పేరు ఉండాలి. మీకు తెలియంది కాదు. నేను చేరిన ఏడాదికి మడకశిర నుంచి ఒకాయన కార్డు వేయించడానికి వచ్చాడు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు, మంచిమనిషి. ప్రూఫు చూశాడు, 'చూశాను' రాశాడు, బస్సుకు టైమైందని పోయాడు.

ఆయన పోయాక చూస్తే తల మీద కదిరి నరసింహస్వామి ప్రసన్న అని ఉంది. నాకు నవ్వొచ్చింది. మడకశిరలో ఉండేవాళ్ళకు కదిరి దేవుడేమిటి? అంతకు ముందు వారమే ఒక కదిరి కార్డు కొట్టాను. ఆ లైను మిగిలిపోయి ఇందులోకి వచ్చిందనుకున్నాను. నా తప్పు నేనే పట్టుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకుని, ఆ చుట్టుపక్కల వాళ్ళు ఎక్కువగా వేయించే దేవుడి పేరు పెట్టేశాను. అయిదు వందల కార్డులు అచ్చయ్యాయి.

ఆయన కార్డు తీసుకుని తల మీది లైను చదివి, కార్డును బల్ల మీద పెట్టాడు. తర్వాత నన్ను చూసి అన్నాడు.

"ఏమ్మా, మా తాత కదిరి నుంచి మడకశిరకు వచ్చినాడు. ఎద్దుల్ని తెచ్చుకున్నాడు, దేవుణ్ణీ తెచ్చుకున్నాడు. మేము ఈడికి వచ్చినామని దేవుణ్ణి ఆడ్నే ఇడిసిపెడ్తామా?"

కార్డులన్నీ మళ్ళీ వేశాం. రామాంజినప్ప నన్ను తిట్టలేదు. వారం రోజుల పాటు నన్ను పండితమ్మా అని పిలిచాడు. తిట్టినా బాగుండేది.

దీని నుంచి బుద్ధి నేర్చుకున్నానని రాయాలి ఇక్కడ. నేర్చుకోలేదు. పెళ్ళికార్డుల వరకే నేర్చుకున్నాను.

పెనుకొండ సారు

ఖాదర్ సారు పెనుకొండ మనిషే. దూరదేశపు కాలేజీల్లో పార్సీ పాఠం చెప్పి చెప్పి, రిటైరై సొంతూరికి వచ్చాడు. పార్సీ అంటే ఇరాన్ వాళ్ళ భాష. రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలంలో మా సెంటరు మెట్లెక్కి వచ్చాడు, చేతిలో రెండు కట్టల కాగితాలు. ఇరాన్ భాషలన్నిటికీ చుట్టరికం ఏమిటో చెప్పే చిన్న పుస్తకం, తెలుగులో. ఎవరు చదువుతారు సార్ అని రామాంజినప్ప అడిగేశాడు. పెళ్ళికార్డు ఎవరు చదువుతారప్పా, అందరూ భోజనం టైము మాత్రమే చూస్తారు, అయినా వేస్తాండారు గదా అన్నాడు సారు. ఇద్దరికీ అక్కడే దోస్తీ కుదిరింది.

అసలు సంగతి ఆయన తర్వాత చెప్పాడు. కంట్లో నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోంది. ఉన్నది పోకుండా చుక్కల మందు వేస్తున్నారు గానీ, పోయింది రాదన్నారు. అంతకు ముందు ఆయన రాసిన రెండు వ్యాసాలు ఎవరో తప్పుల తడకగా వేశారట. ఈ ఒక్క పుస్తకమన్నా తాను ప్రతి అక్షరం చూసి అచ్చుకు పంపాలని పంతం. కంటికీ పుస్తకానికీ పందెం పెట్టినా అన్నాడు నవ్వుతూ. నేను కూడా నవ్వాను. ఇంటికి పోయేటప్పుడు రైల్లో నవ్వు రాలేదు.

నేనుండేది అదే దారి కాబట్టి, ప్రూఫులు నేనే తీసుకుపోయి ఇచ్చేదాన్ని. వాళ్ళింటి వసారాలో భూతద్దం పట్టుకుని ఒక్కో లైనూ చూసేవాడు. పేజీ అయ్యాక మూలన 'చూశాను' రాసి సంతకం. మొదట్లో ఆ రాత చీమల బారులా ఉండేది. పోనుపోను చీమలు పెద్దవై, గండుచీమలై, లైను దాటి తిరగడం మొదలుపెట్టాయి.

నాలుగు ఇండ్లు

ప్రూఫు చూస్తూ ఆయన పాఠం చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు. ఇప్పుడు మీకు నేను చెప్తాను, మీరూ అడగలేదు కాబట్టి.

నేను మొదట అరబ్బీ కూడా ఇందులోదే కదా సార్ అన్నాను. రాత ఒకేలా ఉంటుంది మరి. పక్కింటామె చీర అరువు తెచ్చుకుని కట్టుకుంటే అక్కచెల్లెళ్ళు అయిపోతారా అన్నాడు. పార్సీ వాళ్ళు అక్షరాలు అరబ్బీ నుంచి తెచ్చుకున్నారు, అంతే. చుట్టరికం అసలు మన సంస్కృతంతో. సంస్కృతం, హిందీ, మరాఠీ ఒక వైపు. ఇరాన్ భాషలు ఇంకో వైపు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. మన తెలుగూ కన్నడమూ వేరే ఇంటివి. మాటలు అప్పిచ్చుకున్నా, చుట్టాలు కారు.

ఇరాన్ వైపు మళ్ళీ రెండు కొమ్మలు, పడమటి కొమ్మ, తూర్పు కొమ్మ. పడమటి కొమ్మలో రెండు ఇండ్లు. నైరుతి ఇంట్లో పార్సీ, దాని తోబుట్టువులు, అఫ్గనిస్తాన్‌లో దరీ అనీ తజికిస్తాన్‌లో తాజిక్ అనీ పిలిచే దాని రూపాలు, లూరీ భాషలు. వాయవ్యపు ఇంట్లో కుర్దు, బలోచీ, కాస్పియన్ సముద్రపు ఒడ్డున మాట్లాడే గీలకీ, మాజందరానీ. తూర్పు కొమ్మలోనూ రెండు ఇండ్లు. ఒకదాంట్లో పష్తో, పామీరు కొండల్లో ఒక్కో లోయకూ ఒక్కోటిగా ఉండే చిన్న భాషలు. రెండోదాంట్లో ఇప్పుడు బతికున్నవి రెండే రెండు, ఒస్సెటిక్, యాగ్నోబీ.

ఇవన్నీ ఇప్పటివి. నడిమి కాలంలో పహ్లవీ, పార్థియన్, సోగ్దియన్ లాంటివి ఉండేవి. అంతకు ముందు రాళ్ళ మీద చెక్కిన పాత పార్సీ, అవెస్తా అనే పవిత్ర గ్రంథం భాష. కొన్నిటిని ఏ ఇంట్లో కూర్చోపెట్టాలో పెద్ద పండితులకే తగువు. ఓర్ముడీ అని ఒకటుంది, దాన్ని కొంతకాలం పడమటి పంక్తిలో వడ్డించి, తర్వాత తూర్పు పంక్తికి లేపారట. పాపం ఆకు పట్టుకుని తిరిగిందన్నమాట అన్నాను. ఆయన భూతద్దం కింద పెట్టి నవ్వాడు.

ఇది ఈ ఇంటిదని ఎట్ల తెలుస్తుంది సార్ అని అడిగాను. అప్పుడాయన అల్లుడి మాట చెప్పాడు. సంస్కృతంలో జామాత. పార్సీలో దామాద్, మన హిందూపురం సాయిబులు ఇండ్లల్లో అనే మాటే. మొదటి అక్షరం ద అయింది. బలోచీలో జామాస్, కుర్దులో జావా, ఇక్కడ అది ద కాలేదు, తుమ్మెద రొదలాంటి జ గానే ఉండిపోయింది. ఒక్క మాటలో ఇట్లా ఉంటే లెక్కలోకి రాదు. వంద మాటల్లో అదే వరస కనిపిస్తే, అప్పుడు పార్సీ ఒక ఇల్లు, కుర్దూ బలోచీ ఇంకో ఇల్లు అని తేలుతుంది. అల్లుళ్ళను బట్టి ఇల్లు కనుక్కుంటారన్నమాట సార్ అంటే, మీ పెళ్ళికార్డుల వాళ్ళు చేసేది కూడా అదే గదా అన్నాడు. మడకశిర కార్డు కథ అంతకు ముందే చెప్పి ఆయన్ని నవ్వించి ఉన్నాను. అది తర్వాత నా మెడకే చుట్టుకుంది.

నేను సరిచేసిన చార్టు

పుస్తకమంతా అయింది. చివర ఒక మడత కాగితం మీద చార్టు రావాలి, భాషలన్నీ చెట్టులా. సారు పాత క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో గీసి ఇచ్చాడు. గీతలు వంకరపోయాయి, పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నేను కంప్యూటర్లో చక్కగా గీసి ప్రూఫు తీసుకుపోయాను. ఆయన భూతద్దం పెట్టాడు, కాగితం ఎండలోకి జరిపాడు, మళ్ళీ నీడలోకి జరిపాడు. సన్నటి గీతలు ఆయనకు అసలు కనిపించలేదు. భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను గీసినట్లే ఉండాదా బిడ్డా?"

ఉంది సార్ అన్నాను. అప్పటికి అది నిజమే.

"అయితే నువ్వే చూసి పంపు. నిన్ను నమ్ముతాండా."

సెంటరుకు వచ్చి, ఆయన తరఫున బాగా చూద్దామని కూర్చున్నాను. పదో తరగతి అట్లాసు ఇంట్లో ఉంటే తెచ్చుకున్నాను. ఒక్కో భాష ఎక్కడ మాట్లాడతారో పుస్తకంలో ఉంది కదా, అట్లాసులో వేలు పెట్టి చూస్తూ పోయాను. ఒస్సెటిక్ దగ్గర ఆగాను. అది కాకసస్ కొండల్లో, నల్లసముద్రానికీ కాస్పియన్‌కూ నడుమ, అన్నిటికంటే పడమరన. సారు తూర్పు కొమ్మకు వేలాడేశాడు. బలోచీ ఏమో పాకిస్తాను పక్కన, తూర్పున. దాన్ని వాయవ్యపు ఇంట్లో పెట్టాడు. పాపం, చూపు లేక రెండూ తారుమారు చేశాడు అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, నిజంగా. ఆ నీళ్ళతోనే రెండిటినీ మార్చేశాను. ఒస్సెటిక్‌ను పడమరకు, బలోచీని తూర్పుకు.

ఆ రోజు రామాంజినప్ప ఊళ్ళో లేడు. ప్రూఫు మూలన ఖాళీగా ఉంది. నేనే 'చూశాను' అని రాశాను. సంతకం పెట్టలేదు, ఆ మాత్రం భయముంది. బటర్ పేపరు తీసి, మరుసటి రోజు ధర్మవరం తీసుకుపోయి ప్రెస్సులో ఇచ్చాను.

అదే పుస్తకం మొత్తం నేనే కొట్టాను కదా, సారు నోటి పాఠం కూడా విన్నాను కదా, తెలియదా అని అడుగుతారు. తెలియదు. మన పనిలో పెద్ద జబ్బు ఇదే. చేతులు చదువుతాయి, తల ఊరు తిరిగొస్తుంది. ఎనభై పేజీలు కొట్టి, వసారాలో పాఠం విని కూడా ఎనిమిది ముక్కలు గుర్తుండవు. మీకూ వస్తుంది ఈ జబ్బు, చూస్తూ ఉండండి.

మింగేసిన పేరా

అచ్చయిన కాగితాలు కుట్టకముందే ఒక కట్ట తెచ్చి సారుకు ఇచ్చాను. అప్పటికి ఆయనకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. కాగితం ముఖానికి ఆనించి సిరా వాసన చూశాడు. చదివి వినిపించమన్నాడు. నాకు చాలా సంతోషమైంది, పెద్ద పనిచేసినట్లు గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

మూడో అధ్యాయం నడుమకు వచ్చాను. అక్కడ సారు రాసింది ఇదీ: తూర్పు, పడమర అనే పేర్లు పాతకాలంలో ఆ కొమ్మలు ఎక్కడ ఉండేవో దాన్ని బట్టి పెట్టినవి, ఇవాళ ఎక్కడున్నారో దాన్ని బట్టి కాదు. ఒస్సెటిక్ వాళ్ళ పూర్వీకులు గుర్రాల మీద గడ్డిమైదానాలు దాటి పోయి కాకసస్ చేరారు, భాష మాత్రం తూర్పు కొమ్మదే. బలోచీ వాళ్ళు ఎప్పుడో వాయవ్యం నుంచి తరలి వచ్చినవాళ్ళు, ఉన్నది ఆగ్నేయ మూలన అయినా భాషకు దగ్గరి చుట్టం కుర్దే.

కళ్ళు ముందు చదివాయి. నోరు ఆగిపోయింది. నేను ఆ పేరా మొత్తం మింగేసి కింది పేరా ఎత్తుకున్నాను.

సారు చెయ్యెత్తాడు. "ఆడ ఇంకో పేరా ఉండాల గదమ్మా."

పేజీలు అంటుకున్నాయి సార్ అన్నాను. అచ్చు తడి ఆరలేదు, నేను మళ్ళీ వస్తానని లేచాను. ఆయన సరే అన్నాడు. ఆ సరే నాతో పాటు రైలెక్కి హిందూపురం దాకా వచ్చింది.

రామాంజినప్పకు చెప్పేశాను. ఆయన ముక్కుపొడి పీల్చి, తీరిగ్గా ఆలోచించి సలహా ఇచ్చాడు.

"సారుకు సూపు ల్యా. సదివేటోళ్ళకు ఒస్సెటిక్ అంటే ఊరో పేరో తెల్దు. నోరు మూసుకోని ఉండు పాపా, ఆ పెద్దాయనను ఈ వయసులో యాల బాధపెడ్తావు?"

నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. అదే మాట ఎవరైనా అంటారని ఎదురుచూస్తున్నాను. ఇంతలో ఆయన అలవాటు ప్రకారం ప్రూఫుల కట్ట తీశాడు. చార్టు ప్రూఫు బయటికి లాగి, మూలన రాత చూశాడు. ఆ పక్క పేజీలు చూశాడు. గండుచీమల నడుమ నా గుండ్రటి అక్షరాలు, పదో తరగతి పరీక్ష రాసినట్లు పొందికగా.

 ఆ కాగితాన్ని నా టేబులు మీద పెట్టి, పేపరువెయిటు పెట్టి పోయాడు. సాయంత్రం తాళం వేసేటప్పుడు మాత్రం అన్నాడు. "రేపు పెనుకొండలోనే గదా రైలెక్కేది, సారును చూసి రా."

కొత్తగా పనిలోకి వచ్చే మీకు ఇది ఒక్కటి చెప్తాను. మంచి ఓనరు తప్పు సలహా ఇవ్వడని కాదు. రామాంజినప్ప ఇచ్చాడు. కానీ ఆయన సలహా కంటే ఆయన రూలు గట్టిది. అట్లాంటివాడు దొరికితే జీతం తక్కువైనా ఉండండి.

దారం

మరుసటి రోజు వసారాలో నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. రెండు భాషలు మార్చానన్నాను. 'చూశాను' అని నేనే రాశానన్నాను. నిన్న పేజీలు అంటుకోలేదన్నాను.

"అంటుకోలేదని తెల్సు," అన్నాడు సారు. "నా పుస్తకం నాకు నోటికొస్తాది. ఎందుకు మార్చినావో చెప్పు."

అట్లాసు సంగతి చెప్పాను. ఆయన వింటూ గడ్డం నిమురుకున్నాడు. మీ ఇంటిదేవుడెవరని అడిగాడు. బీరప్ప అన్నాను. నువ్వు దినామూ హిందూపురంలో ఉంటావు గదా, రైలు దిగంగానే ఇంకో దేవుణ్ణి మొక్కుతావా అన్నాడు. ఎట్లాగూ నవ్విస్తున్నాడు కదా, గండం గడిచిందనుకున్నాను.

"కదిరోళ్ళను మడకశిర దేవుడికి అప్పజెప్పినావు. ఇప్పుడు గుర్రాలెక్కి పోయినోళ్ళను ఆడ్నే పుట్టినోళ్ళను చేసినావు. నీకు అడ్రసు చూస్తే చాలు, మనిషిని చూసే పని ల్యా."

నేనూ నవ్వబోయాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"సరే, మళ్ళా సరిచేస్తావు. సరిచేసినావని నాకు ఎట్ల తెలియాల?"

 నన్ను నమ్మండి సార్ అనడానికి నోరు రాలేదు. ఆ మాట ఆయన ముందే అన్నాడు, నేను దాన్ని ఏం చేశానో చూశారు. పందెం కంటికీ పుస్తకానికీ. పుస్తకం గెలిచే చోట నేను అడ్డం పడ్డాను. ఇప్పుడు ఆయన ఆ చార్టును చూసి పంపడం అన్నది జరిగే పని కాదు.

అక్కడి నుంచి హిందూపురం పోలేదు, ధర్మవరం రైలెక్కాను. చార్టు కాగితం ఒక్కటీ పుస్తకంలో కుట్టకుండా పక్కన పెట్టమని ప్రెస్సులో బతిమాలి, ఆ ఊళ్ళోనే ఉన్న మా అక్క ఇంటికి పోయాను. బావ మగ్గం నేస్తాడు. నేను ఏడుస్తూ చెప్తుంటే అక్క నాకు అన్నం పెట్టి, తన పని తాను చేసుకుంటోంది. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగులు, అతికేటప్పుడు చూడక్కర లేదు, వేళ్ళకు తెలుస్తుంది ఏ పోగు ఎక్కడిదో. అక్క నా ముఖమే చూస్తూ పోగులు ముడేస్తోంది. నేను ఏడుపు ఆపి ఆ వేళ్ళను చూశాను.

కత్తిరించి పారేసే పట్టు పోగులు ఒక సంచి నిండా అడిగి తీసుకున్నాను. ఆదివారమంతా కూర్చుని, ఒక పెద్ద అట్ట మీద సారు క్యాలెండరు ముందర పెట్టుకుని, ఆయన గీసిన గీతకు గీత దారం అంటించాను. మూలానికి నాలుగు పురుల జడ. కొమ్మలకు రెండు పురులు. ఇండ్లకు ఒక్క పోగు. బతికున్న భాష దగ్గర గట్టి ముడి. పోయిన భాష దగ్గర ముడి లేకుండా తెగిన కొస. నా సొంత తెలివి ఏమీ కలపలేదు. అట్లాసు తెరవనేలేదు. నాయన వచ్చి చూసి, గొర్రెల మందకు కూడా ఇట్లాంటిదొకటి చేసిపెట్టమన్నాడు.

సోమవారం ఆ అట్ట సారు ఒళ్ళో పెట్టాను. ఏమిటని చెప్పలేదు. ఆయన చేత్తో తడిమాడు. జడ మీద వేలు పడగానే ఆగాడు. తర్వాత మెల్లగా పైకి పోయింది వేలు. పడమటి కొమ్మ పట్టుకుని నైరుతి ఇంటికి పోయి పార్సీ ముడి నొక్కాడు, వెనక్కి వచ్చి వాయవ్యానికి పోయాడు, కుర్దు ముడి, పక్కనే బలోచీ ముడి. పేర్లు పైకి చెబుతున్నాడు, నేను ఊఁ కొడుతున్నాను. మళ్ళీ మొదలుకు వచ్చి తూర్పు కొమ్మ ఎక్కాడు. అట్ట చివరన, అందరికీ దూరంగా ఒస్సెటిక్ ముడి దొరికింది. దాని మీద వేలు కాసేపు ఉంచాడు.

"ఇంటికి వచ్చినాడు," అన్నాడు.

నాకు ఊపిరి వచ్చింది. ఆయన వేలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. సోగ్దియన్ తెగిన కొస దగ్గరికి పోయింది. యాగ్నోబీ ముడి దగ్గరికి వచ్చింది. మళ్ళీ సోగ్దియన్. ముఖం చిట్లించాడు.

"యాగ్నోబీని కొమ్మ నుంచి నేరుగా యాల తెచ్చినావు? అది సోగ్దియన్ దగ్గరి రక్తం. ఆ కొస పక్క నుంచే రావాల."

 క్యాలెండరు కాగితం తీసి రెండుసార్లు చూశాను. ఇంకోసారి చూశాను.

"మీరు గీసింది అట్లే ఉండాది సార్," అన్నాను.  "నేను ఏమీ మార్చలేదు."

 ఆయన భుజాలు ఊగడం చూసి ఏడుస్తున్నాడేమో అని భయపడ్డాను. నవ్వుతున్నాడు. లోపలున్న ఆయన భార్యను కేకేసి, చూస్తివా, ఈ పిల్ల నా తప్పును పట్టుదారంతో కుట్టి తెచ్చింది అన్నాడు. తర్వాత యాగ్నోబీ పోగు నన్నే పీకమన్నాడు. పీకి, ఆయన వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ, సోగ్దియన్ కొస పక్కన అంటించాను. జిగురు ఆరేదాకా ఆయనే బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

"పెన్నియ్యి."

ఇచ్చాను. అట్ట కింది మూల ఎక్కడుందో తడుముకున్నాడు. నేను చెయ్యి పట్టి చూపించబోతే వద్దన్నాడు. 'చూశాను' అని రాశాడు. 'చూ' మూలనే పడింది. 'శా' పైకి పోయి పష్తో పోగు మీదికి ఎక్కింది. 'ను' పామీరు కొండలు దాటి అవతల దిగింది. దాని కింద సంతకం.

ఆ అట్ట చంకలో పెట్టుకుని హిందూపురం పోయి, దాని ప్రకారం కంప్యూటర్లో చార్టు సరిచేశాను. రామాంజినప్ప అద్దాలు పెట్టుకుని, మూలన ఉండాల్సిన మాట కోసం అట్టంతా వెతికి, చదివి, తలూపాడు.

"తియ్యి పాపా, బటర్ పేపరు."